ఆపత్కాలంలో పిల్లల సంరక్షణ: మన సామూహిక బాధ్యత

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు, ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. మాతృగర్భపు చీకట్లలో మనల్ని పోషించినవాడు ఆయనే. మనకు మాట రాకముందే మన ఆకలిని ఎరిగినవాడు ఆయనే. మనం ఆయననే స్తుతిస్తున్నాం, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాం, మన పాపాల మన్నింపు కోసం ఆయననే వేడుకుంటున్నాం. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని, హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయన దాసులు, ప్రవక్త అని మనం సాక్ష్యమిస్తున్నాం. ఆ మహనీయునిపై, వారి కుటుంబీకులపై, వారి సహచరులందరిపై అల్లాహ్ శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా మొదట మనకు మనమే హితవు చెప్పుకుందాం. బలవంతుని ఎదుట తల వంచడం అందరికీ తెలిసిన విషయమే. అడిగేవారు, అడ్డుకునేవారు ఎవరూ లేని బలహీనుని హక్కును అల్లాహ్‌కు వెరచి కాపాడటంలోనే తఖ్వా బయటపడుతుంది. బలహీనులలోకెల్లా బలహీనులు పిల్లలు. ఆపద వచ్చినప్పుడు వారి స్థితి ఏమిటి, వారి విషయంలో మన బాధ్యత ఏమిటి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

2024 సెప్టెంబరు 1వ తేదీని మనం మరచిపోలేదు. బుడమేరు గట్లకు గండ్లు పడి, విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో మగ్గాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగి ఇళ్లను ముంచెత్తింది. అంతకు మూడేళ్ల క్రితం, 2021 వేసవిలో, కరోనా రెండవ అల ఎందరో పిల్లల తలలపై నుండి తల్లి నీడను, తండ్రి నీడను, కొందరికి ఆ రెండింటినీ తొలగించివేసింది.

ఆ రెండు ఆపదల్లోనూ మంచి మనుషులు కదిలారు. అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్లు మోసుకువెళ్లారు. ఛాతీలోతు నీటిలో నడిచి వృద్ధులను భుజాలపై మోసుకొచ్చిన యువకులు ఉన్నారు. అల్లాహ్ వారి శ్రమను స్వీకరించుగాక! అయితే మనం ఒక వాస్తవాన్ని గమనించాలి. నీరు తీసిన తరువాత ఇంటి గోడల నష్టాన్ని లెక్కించారు. తడిసిన సరుకును, పాడైన వాహనాలను, ఫ్రిజ్‌లను, మిషన్లను లెక్కించారు. పిల్లవాడు పోగొట్టుకున్న దానికి మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు. వాన చప్పుడు వినగానే ఉలిక్కిపడి లేచే పసిబిడ్డ భయాన్ని ఎవరు రాసుకున్నారు? పుస్తకాలు బురదలో కలిసిపోయి, ఫీజు కట్టే దారి లేక, నెల తిరగకముందే మెకానిక్ షెడ్డుకు చేరిన కుర్రవాడి చదువును ఏ అధికారి లెక్కకట్టాడు?

పెద్దలకు ఆపద నీరు తీసేవరకే కావచ్చు. పిల్లలకు అసలు ఆపద చాలాసార్లు నీరు తీసిన తరువాతే మొదలవుతుంది. సహాయపు వాహనాలు వెళ్లిపోతాయి, పరామర్శకు వచ్చేవారు తగ్గిపోతారు, ఇంట్లో అప్పు మిగులుతుంది. ఆ అప్పు భారం నిశ్శబ్దంగా పిల్లల మీదకే జారుతుంది. ఒక సమాజం తన పిల్లలను కాపాడుకుందా లేదా అన్నది మొదటి వారంలో తేలదు, ఆరవ నెలలో తేలుతుంది.

సోదరులారా! ఈ విషయంలో మనకు దారి చూపే ఆదర్శం దైవప్రవక్త (స) జీవితంలోనే ఉంది. ఆయనే స్వయంగా యతీం. పుట్టకముందే తండ్రి పోయారు. ఆరేళ్ల వయసులో తల్లి పోయారు. ఎనిమిదేళ్ల వయసులో, చేరదీసిన తాత కూడా కన్నుమూశారు. అటుపై పినతండ్రి అబూ తాలిబ్ ఆయనను తన బిడ్డలతో సమానంగా పెంచారు. అద్ దుహా సూరాలో అల్లాహ్ తన ప్రవక్తకు ఈ అనాథత్వాన్నే గుర్తుచేసి, తాను ఆశ్రయం కల్పించిన సంగతిని చెప్పి, ఆ వెంటనే అనాథ పట్ల కఠినంగా ప్రవర్తించవద్దని ఆజ్ఞాపించాడు. అంటే మనం పొందిన ఆశ్రయానికి కృతజ్ఞత తెలిపే మార్గం మరొకరికి ఆశ్రయం ఇవ్వడమే.

ఇక హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిన ఒక సంఘటనను జాగ్రత్తగా పరిశీలిద్దాం. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) అమరులయ్యారు. మదీనాలో ఆయన భార్య హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి), చిన్నపిల్లలు మిగిలారు. అప్పుడు దైవప్రవక్త (స) చేసిన పనులు హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తే, ఆపదలో ఉన్న పిల్లలకు ఏం చేయాలో ఒక సంపూర్ణ పాఠం కనిపిస్తుంది.

మొదటిది: జాఫర్ కుటుంబం కోసం వంట చేయండని ఆయన ఇతరులకు ఆదేశించారు. వారిని కమ్ముకున్న దుఃఖం వారికి మరో పనికి తీరిక ఇవ్వదని కారణం కూడా చెప్పారు. మన ఊళ్లలో నేడు జరుగుతున్నదేమిటి? యజమాని పోయిన ఇంటివారే అప్పు తెచ్చి, డేగిసాలు ఎక్కించి, వచ్చినవారందరికీ భోజనాలు పెట్టవలసి వస్తోంది. అనాథలైన పిల్లల నోటి ముద్ద పరామర్శకు వచ్చినవారి విస్తరిలోకి వెళుతోంది. ఇది ప్రవక్త (స) సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. మృతుని ఇంట పొయ్యి వెలిగించే బాధ్యత పొరుగువారిది.

రెండవది: ఆయన ఆ కుటుంబానికి దుఃఖించేందుకు మూడు రోజుల వ్యవధి ఇచ్చారు. ఆ తరువాత వచ్చి, ఇక తన సోదరుని కోసం ఏడవవద్దని ఓదార్చారు. ఏడవనిచ్చారు, ఆ పిమ్మట జీవితం వైపు మళ్లించారు. ఈ రెండూ అవసరమే. మనం తరచుగా పిల్లవాడిని మొదటి రోజే గద్దిస్తాం. మగపిల్లాడివి, నీవే ఏడిస్తే అమ్మను ఎవరు చూసుకుంటారు అంటాం. పదేళ్ల పసివాడి భుజాలపై ఇంటి పెద్దరికాన్ని మోపుతాం. దైవప్రవక్త (స) తన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు స్వయంగా కన్నీరు పెట్టుకున్నారు. అబూ ఉమైర్ అనే బాలుని పెంపుడు పిట్ట చనిపోతే, ఆ చిన్నవాడిని పేరుతో పలకరించి, నీ పిట్ట ఏమైందని అడిగి తెలుసుకున్నారు. పిట్ట పోయిన దుఃఖాన్నే ఆయన చిన్నదిగా చూడలేదు. ఇల్లు, బడి, నాన్న పోయిన దుఃఖాన్ని మనం ఎలా తోసిపుచ్చగలం?

ఆపద చూసిన పిల్లలు అందరూ ఏడవరు. కొందరు పక్క తడుపుతారు. కొందరు తల్లి కొంగు వదలరు. కొందరు అకారణంగా కోపగించుకుంటారు. యుక్తవయస్కులు కొందరు మాట తగ్గించి, ఫోనులో మునిగిపోయి, నిద్ర పోగొట్టుకుంటారు. వీటిని మొండితనమని కొట్టడం అన్యాయం. అలాగే, నీ పాపం వల్లనే ఇలా జరిగిందని పిల్లలతో అనడం మహా దోషం. వారు వినే మాట సత్యంగా, సరళంగా ఉండాలి. నాన్న ఊరికి వెళ్లాడని అబద్ధం చెప్పవద్దు. అల్లాహ్ పిలుపు వచ్చిందని, ఆయన కారుణ్యం గొప్పదని, నిన్ను చూసుకోవడానికి మేమున్నామని చెప్పాలి. వారాలు గడిచినా భయం తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి. టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది. మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదని మనకు తెలుసు, మనసుకు వైద్యం కూడా అటువంటిదే.

మూడవది: ఆయన ఆ పిల్లలను పిలిపించారు. వారు అప్పుడు రెక్కలు రాని పక్షి పిల్లల్లా ఉన్నారని, వారిలో ఒకరైన అబ్దుల్లాహ్ (రజి) పెద్దయ్యాక గుర్తుచేసుకున్నారు. ప్రవక్త (స) మంగలిని పిలిపించి వారి తల వెంట్రుకలు తీయించారు. ఎంత చిన్న పని! కానీ తల్లి శోకంలో ఉన్నప్పుడు పిల్లల తల దువ్వేవారు ఉండరని, వారి ఒంటి శుభ్రతను ఎవరో ఒకరు చూడాలని ఆ మహనీయునికి తెలుసు. పిల్లవాడి మర్యాద ఈ చిన్న పనుల్లోనే నిలుస్తుంది. ఇక మన తీరు చూడండి. ఒక స్కూలు బ్యాగు ఇస్తూ పదిమంది పెద్దలు పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఆ ఫోటో ఊరంతా తిరుగుతుంది. రేపు తరగతిలో ఆ పిల్లవాడిని తోటివారు ఏమని పిలుస్తారో మనం ఆలోచించామా? ఎత్తిపొడుపులతో, మనసు నొప్పించే మాటలతో మీ దానాలను వ్యర్థం చేసుకోవద్దని అల్ బఖరా సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. పిల్లవాడి ముఖం చూపించి మన దాతృత్వాన్ని ప్రకటించుకోవడం ఆ నొప్పింపులోకే వస్తుంది.

నాల్గవది: ఆయన పిల్లలందరినీ కలిపి అనాథలు అని ఒక్క మాటలో చుట్టేయలేదు. ముహమ్మద్ అనే బాలుడు మా పినతండ్రి అబూ తాలిబ్‌ను పోలి ఉన్నాడన్నారు. అబ్దుల్లాహ్ రూపంలోనూ గుణంలోనూ తనను పోలి ఉన్నాడన్నారు. ప్రతి బిడ్డనూ విడివిడిగా చూశారు. ఆ తరువాత అబ్దుల్లాహ్ చేయి పట్టుకుని, అతని వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు. తండ్రి పోయి నాలుగు రోజులు కాని బాలుని ముందు ఆయన భవిష్యత్తును ఉంచారు. నీకొక జీవనోపాధి ఉంటుంది, నీవు నిలబడతావు అన్న ధైర్యం ఆ దుఆలో ఉంది.

ఐదవది: తల్లి అస్మా (రజి) పిల్లల అనాథత్వాన్ని ప్రస్తావించినప్పుడు, ఇహపరాలలో తానే వారి సంరక్షకునిగా ఉండగా వారికి పేదరికం వస్తుందని ఎందుకు భయపడుతున్నావని అడిగారు. చూడండి, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనలేదు. నేనున్నానన్నారు. పిల్లవాడిని బ్రతికించేది ఈ ఒక్క మాటే. అందరి బాధ్యత అన్నది చివరకు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. పేరు పెట్టి ఒక మనిషి ముందుకు వచ్చినప్పుడే బిడ్డకు నీడ దొరుకుతుంది.

సోదరులారా! ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పుకోక తప్పదు. ఆపద తరువాత నష్టపరిహారం వస్తుంది. ప్రభుత్వం డబ్బు ఇస్తుంది, దాతలు ఇస్తారు, బీమా సొమ్ము అందుతుంది. 2021లో తల్లిదండ్రులను ఇద్దరినీ కోల్పోయిన పిల్లల పేరిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల రూపాయల డిపాజిట్ పథకాన్ని ప్రకటించింది. కేంద్రం కూడా పీఎం కేర్స్ ద్వారా అటువంటి పిల్లలకు పథకం తెచ్చింది. ఇలాంటి సొమ్ము ఇంటికి వచ్చినప్పుడే పెదనాన్నల, చిన్నాన్నల, మేనమామల అసలు పరీక్ష మొదలవుతుంది. పెంచుతున్నాం కదా, వాడుకుంటే తప్పేమిటన్న ఆలోచన మెల్లగా ప్రవేశిస్తుంది. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపులను నిప్పుతో నింపుకుంటున్నారని అన్ నిసా సూరా (4:10) తీవ్రంగా హెచ్చరించింది. ధనవంతుడైన సంరక్షకుడు ఆ సొమ్ముకు దూరంగా ఉండాలని, పేదవాడైతే ధర్మసమ్మతమైన మేరకే తీసుకోవాలని, పిల్లలు వివేకవంతులయ్యాక సాక్షుల సమక్షంలో వారి ఆస్తిని వారికి అప్పగించాలని అదే సూరా (4:6) నియమం విధించింది.

అల్ కహఫ్ సూరాను మనం ప్రతి శుక్రవారం పఠిస్తాం. అందులో హజ్రత్ మూసా (అలైహిస్సలాం), ఆయనతో పాటు ప్రయాణించిన జ్ఞాని ఒక పట్టణానికి చేరిన వృత్తాంతం ఉంది. ఆ పట్టణవాసులు వారికి అన్నం పెట్టడానికి నిరాకరించారు. అయినా ఆ జ్ఞాని అక్కడ కూలిపోబోతున్న ఒక గోడను కూలి తీసుకోకుండా నిలబెట్టారు. కారణం తరువాత తెలిసింది (18:82). ఆ గోడ ఇద్దరు అనాథ బాలురది. దాని కింద వారి నిధి ఉంది. వారు యుక్తవయస్కులై తమ నిధిని తామే వెలికితీసుకోవాలని అల్లాహ్ సంకల్పించాడు. ఆకలితో ఉన్నవారు, ఆదరణ పొందనివారు, మెప్పు ఆశించకుండా, తమ పేరు కూడా తెలియని పిల్లల కోసం గోడ కట్టారు. నిధిని తవ్వి చేతికి ఇవ్వలేదు, దానిని వారు పెద్దవారయ్యేవరకు కాపాడారు. మన పిల్లల నిధి వారి ఆస్తి మాత్రమే కాదు. వారి చదువు, వారి ఆరోగ్యం, వారి శీలం, వారి బాల్యం కూడా ఆ నిధిలోనివే. ఆపద వచ్చినప్పుడు కూలబోయే ఆ గోడను నిలబెట్టడమే మన పని.

ఈ మాటలు చెప్పుకుని, మన కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్ మన్నింపును అర్థిస్తున్నాం. మీరూ ఆయన మన్నింపును వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సకల ప్రశంసలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స)పై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! నమాజు చేయిస్తున్నప్పుడు వెనుక నుండి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు పడే బాధను తలచి, దైవప్రవక్త (స) నమాజును క్లుప్తం చేసేవారు. ఆరాధనలన్నిటిలోకీ శ్రేష్ఠమైన నమాజునే ఒక బిడ్డ ఏడుపు కోసం ఆయన కుదించారంటే, మన కమిటీల సమావేశాలు, మస్జిదు రంగుల ఖర్చు, జల్సాల ఏర్పాట్లు ఆ ఏడుపు కోసం కొంత ఆగలేవా?

కనుక మొహల్లా స్థాయిలో మనం చేయదగిన కొన్ని పనులను చెప్పుకుందాం.

ఆపద రాకముందే మస్జిదులో ఒక పుస్తకం ఉండాలి. మొహల్లాలోని పిల్లల పేర్లు, వయసు, చదివే తరగతి, ఇంట్లో దివ్యాంగులైన పిల్లలు ఉన్నారా, ఎవరికి తల్లి లేదు, ఎవరికి తండ్రి లేడు అన్న వివరాలు అందులో రాయాలి. అది ఇద్దరు నమ్మకస్థుల వద్దే ఉండాలి, ఇతరులకు చూపరాదు. ఆపద వచ్చిన తరువాత ఆరు నెలల పాటు నెలకొకసారి ఆ పేర్లను ఒక్కొక్కటిగా సరిచూడాలి. ఈ బిడ్డ బడికి వెళుతోందా, లేదా? ఈ ఒక్క ప్రశ్న చాలు, ఎన్నో ప్రమాదాలు ముందుగానే బయటపడతాయి.

బడి విషయంలో చట్టం పిల్లల పక్షాన ఉంది. 6 నుండి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య హక్కు అని 2009 నాటి చట్టం చెబుతోంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశాన్ని నిరాకరించరాదు. వరదలో కాగితాలు పోయాయని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టవలసిన అవసరం లేదు. చదువుకున్న యువకులు ఇద్దరు ఆదివారం పూట మస్జిదు వరండాలో కూర్చుని ఆధార్, జనన ధ్రువపత్రం, మార్కుల మెమోల నకళ్ల కోసం దరఖాస్తులు నింపిపెడితే, అది అన్నం పొట్లానికి ఏమాత్రం తీసిపోని సదఖా. ముంపు లేని చోట ఉన్న మక్తబ్‌ను వీలైనంత త్వరగా తెరవాలి. రోజూ ఒకే వేళకు ఒకే చోటికి వెళ్లి తోటి పిల్లలతో కూర్చోవడం, ఆడుకోవడం భయపడిన బిడ్డకు గొప్ప ఔషధం.

ఆడపిల్లల విషయంలో ప్రత్యేక జాగ్రత్త వహించాలి. ఆపద తరువాత బరువు దించుకుందామన్న తొందరలో, చదువు మాన్పించి, వయసు రాకముందే నికాహ్ చేసే ప్రయత్నాలు జరుగుతాయి. బిడ్డ అల్లాహ్ ఇచ్చిన అమానత్, ఆమెను బరువుగా ఎంచడం అజ్ఞాన కాలపు ఆలోచన. 18 ఏళ్లు నిండని బాలికకు వివాహం చేయడం చట్టరీత్యా నేరం. మన నికాహ్ చదివేవారు, పెద్దలు ఈ విషయంలో మొహమాటపడకుండా నిలబడాలి. అదే సమయంలో ఆ తల్లిదండ్రులను భయపెట్టి ఊరుకుంటే సరిపోదు, వారిని ఆ తొందరకు నెట్టిన అప్పు గురించి కూడా మనమే ఆలోచించాలి.

ఆపద సమయంలో పని ఇప్పిస్తాం, చదివిస్తాం అంటూ దూరప్రాంతాల నుండి వచ్చేవారుంటారు. వివరాలు తెలియకుండా ఏ బిడ్డనూ ఎవరి వెంటా పంపవద్దు. తప్పిపోయిన బిడ్డ, ఆదరించే కుటుంబం లేని అనాథ కనబడితే, మంచి మనసుతోనైనా సరే నేరుగా ఎవరి ఇంటికో అప్పగించరాదు. చట్టం ప్రకారం 24 గంటలలోగా సమాచారం ఇవ్వాలి. 1098 నంబరుకు ఫోను చేయాలి, లేదా పోలీసులకు, బాలల సంక్షేమ సమితికి తెలపాలి. అనాథను చేరదీసి పెంచడం మహా పుణ్యకార్యం. అయితే అతని తండ్రి పేరును, వంశాన్ని తుడిచివేయరాదని అల్ అహ్‌జాబ్ సూరా (33:5) మనకు బోధించింది. బిడ్డకు మన ఇల్లు ఇద్దాం, అతని గుర్తింపును అతనికే ఉంచుదాం.

జకాత్ గురించి ఒక మాట. తండ్రి లేడన్న కారణం ఒక్కటే జకాత్‌కు అర్హత కాదు, పేదరికం ఉండాలి. పేదవారైన అన్న పిల్లలకు, అక్క పిల్లలకు జకాత్ ఇవ్వవచ్చు. బంధువుకు ఇచ్చిన దానంలో రెండు పుణ్యాలు ఉన్నాయని ప్రవక్త (స) బోధించారు: ఒకటి దానానిది, మరొకటి బంధుత్వాన్ని నిలిపినందుకు. రమజాన్‌లో ఒకేసారి పంచే పెద్ద మొత్తంలో కొంత భాగాన్ని వేరుగా ఉంచి, నెలనెలా ఒక బిడ్డ చదువుకు ఇవ్వాలనుకునేవారు సమయం విషయంలో ఆలిములను సంప్రదించండి. సదఖాకైతే ఏ అడ్డంకీ లేదు. నెలకు 500 రూపాయలు సంవత్సరం పాటు ఆగకుండా ఇచ్చేవాడు పిల్లవాడికి ఎక్కువ మేలు చేస్తాడు. కొంచెమే అయినా నిలకడగా చేసే పని అల్లాహ్‌కు ప్రియమైనదని హదీసు మనకు తెలిపింది.

యువకులారా! మీరు కేవలం సహాయం పొందేవారు కారు. జైద్ బిన్ సాబిత్ (రజి), ఉసామా బిన్ జైద్ (రజి) వంటి చిన్నవయస్కులకు దైవప్రవక్త (స) బరువైన బాధ్యతలు అప్పగించారు. మీలో ఒక్కొక్కరు ఇద్దరు చిన్నపిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పగలరు. నీట మునిగిన ఇంటి తమ్ముడితో క్రికెట్ ఆడగలరు. మాట మానేసిన స్నేహితుని పక్కన ఊరికే కూర్చోగలరు. అతడు బ్రతకాలని లేదని అంటే మాత్రం ఆ రహస్యాన్ని దాచవద్దు, వెంటనే పెద్దలకు చెప్పండి. పెద్దలారా! పద్దెనిమిది నిండని పిల్లలను పడవల మీదకు, ప్రవాహంలోకి పంపవద్దు. వారి ఉత్సాహం గొప్పదే, వారి ప్రాణం అంతకన్నా గొప్పది.

ఈ పనులన్నిటిలో మన మొహల్లాలోని ఏ బిడ్డనూ మతాన్ని బట్టి వేరు చేయవద్దు. బుడమేరు నీరు ఎవరి గడపనూ అడిగి రాలేదు. పొరుగువాడు ఆకలితో ఉండగా కడుపు నింపుకునేవాడు విశ్వాసి కాడన్న బోధనలో పొరుగువాని మతం ప్రస్తావన లేదు.

అనాథను పోషించేవాడు స్వర్గంలో తనకు ఎంత చేరువగా ఉంటాడో తెలపడానికి దైవప్రవక్త (స) తన చూపుడు వేలిని, మధ్య వేలిని చూపారు. ఈ నమాజు ముగిసి బయటకు వెళ్లేలోగా మనలో ప్రతి ఒక్కరం ఒక బిడ్డ పేరును మనసులో తలచుకుందాం. మన వీధిలోని బిడ్డ, మన బంధువుల బిడ్డ. ఈ వారంలోనే ఆ ఇంటి తలుపు తడదాం.

ఓ అల్లాహ్! మా పిల్లలను ఆపదల నుండి కాపాడు. తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డలకు నీవే ఆశ్రయం కల్పించు, మా చేతులను ఆ ఆశ్రయానికి సాధనాలుగా చేయి. ఓ అల్లాహ్! అనాథల సొమ్ము మా ఇళ్లలోకి, మా కడుపుల్లోకి ప్రవేశించకుండా రక్షించు. భయపడిన మనసులకు నెమ్మదిని, విరిగిన ఇళ్లకు నిలకడను ప్రసాదించు. వరదల్లో, వ్యాధుల్లో మమ్మల్ని విడిచి వెళ్లినవారిని కరుణించు. యుద్ధాల్లో, కరువుల్లో చిక్కుకున్న పిల్లలందరిపై నీ దయ కురిపించు. మా యువతను సన్మార్గంలో నిలుపు. మాకు ఇహలోకంలో మేలును, పరలోకంలో మేలును ప్రసాదించి, నరకాగ్ని నుండి కాపాడు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! న్యాయం చేయమని, మేలు చేయమని, బంధువుల హక్కులు నెరవేర్చమని అల్లాహ్ మనల్ని ఆదేశిస్తున్నాడు. ఆయనను స్మరించండి, నమాజుకు లేవండి.